ఇరవయ్యో తారీఖు దాటితే ఫోను చూడాలంటే భయం

‘నెలాఖరు’ అనే పేరుతో ఒకరు అడిగిన ప్రశ్న:
జీతం వేళకే పడుతుంది, మరీ తక్కువేమీ కాదు. అయినా ఇరవయ్యో తారీఖు దాటాక బ్యాంకు సందేశం చప్పుడు వింటే చాలు, ఫోను బోర్లా పెట్టేస్తాను. క్రెడిట్ కార్డు బిల్లులో కనీస చెల్లింపు ఎంత ఉంటే అంతే కట్టి, ఈ నెలకు గట్టెక్కాననుకుంటాను. ఖర్చులు రాద్దామని మూడు పుస్తకాలు మొదలుపెట్టాను. మూడింటిలోనూ నాలుగో పేజీ తర్వాత తెల్లకాగితాలే. ఇంట్లో డబ్బు మాట వస్తే ముందు నేనే విసుక్కుంటాను. ఎక్కడ మొదలుపెట్టాలి?

పాత గుమాస్తా:
ఇరవై ఏళ్లు ఊళ్లోవాళ్ల పద్దులన్నీ రాసి, సొంత పద్దు చూసుకోని మనిషిని నేను. బిల్లుల కవర్లు విప్పకుండా సొరుగులో కుక్కేవాణ్ని. ఒక ఆదివారం సొరుగు మూతపడక అన్నీ బయటికి తీశాను. పదకొండు కవర్లు, అందులో నాలుగు ఒకే బిల్లుకు వచ్చిన హెచ్చరికలు. పెన్సిలుతో కూడితే, భయపడినదానికంటే ఎక్కువే తేలింది. అయినా ఆ రాత్రి నిద్ర పట్టింది. ఎందుకో నాకూ తెలియదు.

ముందు కార్డు సంగతి చూడండి. నెలకు 3 శాతం వడ్డీ అంటే చిన్నదిగా వినిపిస్తుంది. వడ్డీ మీద వడ్డీ పడితే ఏడాదికి 42 శాతం దాటుతుంది. బాకీ 100, కనీస చెల్లింపు 5 అనుకుంటే, మీరు కట్టే ఆ 5లో 3 వడ్డీకే పోతుంది, అసలులో తగ్గేది 2. పైగా బాకీ తగ్గేకొద్దీ కనీస చెల్లింపూ తగ్గుతుంది, అందుకే అది ఏళ్ల తరబడి సాగుతుంది. బిల్లు అడిగినంత కాదు, మీరే ఒక మొత్తం అనుకుని నెలనెలా అంతే కట్టండి. బాకీ తీరేదాకా ఆ కార్డు వాడకండి. పాత బాకీ ఉండగా కొన్న కొత్త వస్తువు మీద కూడా చాలా కార్డులు మొదటి రోజు నుంచే వడ్డీ వేస్తాయి.

ఖర్చులు రాయడం మీ వల్ల కాదని మూడు పుస్తకాలు చెప్పాయి కదా, వదిలేయండి. బీమా, పిల్లల ఫీజు, బండి మరమ్మతు... అనుకోని ఖర్చు అని మనం ఏడ్చేవాటిలో సగం ఏటా వచ్చేవే. వాటి మొత్తాన్ని 12తో భాగించి, జీతం పడిన రోజే వేరే ఖాతాకు మళ్లించండి.

‘అంకెలే ముఖ్యం’ అనే పేరుతో ఇంకొకరు:
గుమాస్తా గారూ, 42 శాతం బాకీ నెత్తిన పెట్టుకుని పక్కన పొదుపు చేయడం ఏం లెక్కండీ? ఉన్నదంతా కార్డుకే కట్టాలి.

పాత గుమాస్తా:
కాగితం మీద మీ లెక్కే సరైనది. కానీ చేతిలో ఏమీ లేనప్పుడు బండి ఆగిపోతే మళ్లీ కార్డే గీస్తారు. మనిషి మనసులో డబ్బును వేర్వేరు డబ్బాల్లో వేసుకుంటాడని వివరించిన రిచర్డ్ థేలర్‌కు 2017లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ వచ్చింది. అది లోపమే కావచ్చు, దాన్నే వాడుకుందాం అంటున్నాను. ఆ వేరే ఖాతా డబ్బా చిన్నదిగానే ఉంచమనండి, మిగిలినదంతా కార్డుకే.

నెలాఖరు:
నిన్న రాత్రి స్టేట్‌మెంటు మొత్తం చదివాను. ఎప్పుడో వాడటం మానేసిన యాప్‌కు పద్నాలుగు నెలలుగా చందా కడుతున్నాను! రద్దు చేశాను. బాకీ ఎంతో ఇంట్లో ఇంకా చెప్పలేదు. కాగితం మాత్రం మడతపెట్టకుండా బల్ల మీదే ఉంచాను.