ఎండోమెట్రియోసిస్ ఉన్నవాళ్లకు మనసు కూడా ఇలాగే కుంగిపోతుందా?

సన్నజాజి:
నాకు 29 ఏళ్లు, హైదరాబాద్‌లో ఉద్యోగం. పదమూడో ఏట పెద్దమనిషి అయినప్పటి నుంచీ నెలసరి అంటే హడలే. ఆడపిల్లన్నాక ఆ మాత్రం ఉంటుంది, ఓర్చుకోవాలి అని అమ్మ, పెళ్లయితే అదే సర్దుకుంటుంది అని పెద్దమ్మ, అలా 14 ఏళ్లు గడిచిపోయాయి. రెండేళ్ల కింద ఎడమ అండాశయంలో చాక్లెట్ సిస్ట్ (ఈ జబ్బు వల్ల పాత రక్తం నిండే తిత్తి) అని తేలి ల్యాపరోస్కోపీ, అంటే చిన్న కోతలతో కెమెరా పెట్టి చేసే ఆపరేషన్, చేశారు. ఏడాది బాగానే ఉన్నా, మళ్లీ నొప్పి మొదలైంది. ఇప్పుడు రోజూ డైనోజెస్ట్ అనే హార్మోన్ మాత్ర 2 మి.గ్రా. వేసుకుంటున్నా.

నొప్పి లేని రోజు కూడా మళ్లీ ఎప్పుడొస్తుందో అనే టెన్షన్. ఆడపడుచు సీమంతానికి వెళ్లలేకపోతే "ప్రతిసారీ ఇదే మాట" అన్నారు. మా ఆయన దగ్గరికి వస్తే నొప్పి గుర్తొచ్చి బిగుసుకుపోతాను. ఆయన ఒక్క మాట కూడా అనరు, దానికి ఇంకా బాధేస్తుంది. ఈమధ్య ఏ కారణమూ లేకుండా ఏడుపొస్తోంది. ఇది జబ్బు వల్లా, మాత్ర వల్లా, లేక నేనే ఇంత పిరికిదాన్నా?

గోదారి గట్టు:
పిరికిదానివి కాదమ్మా, ఆ మాట ముందు తీసెయ్. పద్నాలుగేళ్లు ఆ నొప్పితో చదువుకుని ఉద్యోగం తెచ్చుకున్న పిల్లవి. నాకు 41. జబ్బు పేరు తెలిసిన రోజు నేను ఆస్పత్రి మెట్ల మీద కూర్చుని ఏడ్చాను, భయంతో కాదు, ఇన్నాళ్లూ నేను నటించలేదని తేలినందుకు. స్కాన్ నార్మల్ అని పంపేసినప్పుడల్లా నాకే ఏదో పిచ్చి అనుకునేదాన్ని. స్కాన్‌లో కనిపించకపోయినా ఈ జబ్బు ఉండొచ్చని ఎవరూ చెప్పలేదు. నొప్పి కన్నా, నన్ను ఎవరూ నమ్మకపోవడమే నన్ను ఎక్కువ తినేసింది. ఇంకొకటి, పిల్లలు పుడితే పోతుంది అనే మాట నమ్మకు. నాకు బాబు పుట్టాక కొన్నాళ్లు తగ్గి మళ్లీ వచ్చింది.

డ్యూటీ డాక్టర్:
గైనిక్‌లో పనిచేస్తున్నాను, మిమ్మల్ని చూడకుండా ఖాయంగా ఏమీ చెప్పలేను, కానీ మీ ప్రశ్న చాలా సరైనది. గర్భాశయం లోపలి పొరలాంటి కణజాలం బయట, అంటే అండాశయాల మీద, పేగుల దగ్గర పెరగడం ఈ జబ్బు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో పిల్లలు కనే వయసు ఆడవాళ్లలో సుమారు 10 శాతం మందికి ఉంది. వీళ్లలో డిప్రెషన్, యాంగ్జైటీ మిగతావాళ్లకన్నా ఎక్కువ. ఏళ్ల తరబడి నొప్పి ఉంటే నరాలు అతి సున్నితంగా మారిపోయి చిన్న నొప్పినీ పెద్దగా చూపిస్తాయి, నిద్ర లేకపోతే ఇంకా పెరుగుతుంది, మళ్లీ మనసు కుంగుతుంది.

ఇక మాత్ర సంగతి. డైనోజెస్ట్‌తో కొందరికి మనసు దిగులుగా మారడం తెలిసిన దుష్ప్రభావమే. ఎప్పుడు మొదలుపెట్టారో, ఏడుపు ఎప్పటి నుంచో క్యాలెండర్‌లో పక్కపక్కనే రాసి మీ డాక్టరుకు చూపించండి. మీ అంతట మీరు ఆపేయకండి, వేరే మందులున్నాయి. కలయికలో నొప్పికి పెల్విక్ ఫ్లోర్ ఫిజియోథెరపీ (బిగుసుకుపోయిన కటి కండరాలను వదులు చేయించే చికిత్స) ఉంది, సిగ్గుపడకుండా అడగండి. చచ్చిపోవాలన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా అపాయింట్‌మెంట్ కోసం ఆగకండి, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులు కట్టక్కర్లేదు.

కరీంనగర్ అన్న:
నా భార్యకూ ఇదే జబ్బు చెల్లీ. నేనూ చాలా రోజులు ఏమీ అనలేదు, ఏమన్నా అంటే బాధపడుతుందేమోనని. ఆమేమో నాకు విసుగొచ్చిందనుకుంది. ఒకసారి డాక్టర్ దగ్గరికి ఇద్దరం కలిసి వెళ్లినం, ఆమె ముందే నా డౌట్లన్నీ అడిగిన. తర్వాత మా అమ్మకు నేనే చెప్పిన, కోడలు చెప్తే సాకు అనుకునేది, కొడుకు చెప్తే వింది. అది తప్పే, కానీ మా ఇంట్లో అట్లనే పని అయింది. బావగారిని కూడా తీసుకెళ్లు.

సన్నజాజి:
క్యాలెండర్ చూశాను. మాత్ర మొదలుపెట్టిన మూడో వారం నుంచే నిద్ర పట్టడం మానేసింది, ఏడుపు ఆ తర్వాత వారం. ఈ కోణంలో ఎప్పుడూ చూడలేదు. ఇక్కడ మీరందరూ రాసినదంతా మా ఆయనకు చదివి వినిపించాను, చాలాసేపు నా చెయ్యి పట్టుకుని కూర్చున్నారు. గురువారం ఇద్దరం వెళ్తున్నాం. గోదారి గట్టు అక్కా, ఆ మెట్ల మాట రెండుసార్లు చదువుకున్నా.