బాల్ పైథాన్‌కి కింద హీట్ మ్యాటా, పైన బల్బా?

కిరణ్_డాలస్: మా వాడి గోల పడలేక బాల్ పైథాన్ (ఆఫ్రికా చిన్న కొండచిలువ) పిల్లను తెచ్చాం. 40 గ్యాలన్ల గాజు ట్యాంకు. షాపువాళ్ళు అడుగున అంటించే హీట్ మ్యాట్ ఇచ్చారు, వేడి హద్దు దాటకుండా ఆపే థర్మోస్టాట్ ఊసెత్తలేదు. పాము వేడి వైపుకి రావట్లేదు, మూడు వారాలుగా ఎలుకను ముట్టట్లేదు. మ్యాట్ తీసేసి బల్బు పెట్టమని ఒకరు, వద్దని ఒకరు. ఏం చేయను?

సొరుగుల_శ్రీను: మ్యాట్ తీయక్కర్లేదు. థర్మోస్టాట్ కొనండి. అది లేకపోతే గాజు 110 ఫారెన్‌హీట్ దాటేస్తుంది, పొట్ట కాలుతున్నా పాము కదలకపోవచ్చు. వేడి వైపు నేల 88-90, చల్ల వైపు 76-80 ఉండాలి. పన్నెండేళ్ళుగా పెంచుతున్నా, ఇప్పుడు సొరుగుల్లో ముప్పై ఉన్నాయి. అన్నీ కింది వేడి మీదే.

రేవతి_ఆస్టిన్: నేల సరే, గాలి సంగతేంటి? మ్యాట్ గాలిని పెద్దగా వేడెక్కించదు. చలికాలం ఇంట్లో 68 ఉంటే పాము పీల్చేదీ దాదాపు ఆ చల్లగాలే. ఊపిరితిత్తుల జబ్బు అక్కడే మొదలవుతుంది. పగలు పైనుంచి హాలోజెన్ బల్బు పెట్టండి, ఆ వేడి చర్మం దాటి కండ దాకా పోతుంది. దానికీ థర్మోస్టాట్ ఉండాలి.

సొరుగుల_శ్రీను: ఘనా, టోగోల్లో ఇవి పగలంతా ఎలుక బొరియల్లో, చెదపుట్టల్లో పడుకుంటాయండీ. వాటికి ఎండెక్కడిది? పైగా మీ బల్బు తేమంతా లాగేస్తే కుబుసం ముక్కలు ముక్కలుగా ఊడుతుంది.

రేవతి_ఆస్టిన్: పగలు ఆ నేల వేడెక్కేది పైనుంచే కదా శ్రీను గారూ! లోపలికి పోయేకొద్దీ చల్లన. మీ మ్యాట్ మీద అంతా తిరకాసు. వేడెక్కిన పాము చల్లదనం కోసం కిందికి దూరితే ఇంకా కాలుతుంది.

పాత_గుంటూరోడు: పాముకి హీటరా! మా రెంటచింతలకి పంపండి. మేలో 45, కరెంటు ఖర్చు మిగులుతుంది 😄

రేవతి_ఆస్టిన్: మీ 45 అంటే 113 ఫారెన్‌హీట్ బాబాయ్, అందులో అది బతకదు.

పాత_గుంటూరోడు: పోనీ మా చేలో జెర్రిపోతుని పెంచుకోనా?

కిరణ్_డాలస్: 1972 వన్యప్రాణి చట్టం కింద కేసవుతుంది బాబాయ్. నా సంగతి చెప్పండి ఎవరైనా. థర్మోస్టాట్ ప్రోబ్, అదే వేడిని కొలిచే తీగ, ఎక్కడ పెట్టాలి?

సొరుగుల_శ్రీను: మ్యాట్‌కీ గాజుకీ మధ్య. లోపల పెడితే పాము పక్కకి నెట్టేస్తుంది, మ్యాట్ ఆగకుండా కాలుతూనే ఉంటుంది.

రేవతి_ఆస్టిన్: బయట పెడితే మీరు కొలిచేది మ్యాట్‌ని, పాము పడుకునే చోటుని కాదు.

సొరుగుల_శ్రీను: లేజర్ థర్మామీటర్‌తో లోపల చూసుకుని సర్దుకోవాలి. ఈమాత్రం తెలియదా? రెండు పాముల్ని పెంచి లెక్చర్లెందుకు?

రేవతి_ఆస్టిన్: రెండు కాదు, ఒకటే మిగిలింది. 2021 ఫిబ్రవరి మంచు తుఫానులో మాకు రెండు రోజులు కరెంటు లేదు, ఇంట్లో 41కి పడిపోయింది. ఇక్కడే అడిగాను. "దుప్పటి కప్పండి, ఏం కాదు" అన్నది మీరే. తర్వాత పాము నోరు తెరిచి ఊపిరి పీల్చేది, ముక్కు దగ్గర బుడగలు. మార్చిలో పోయింది.

సొరుగుల_శ్రీను: అయ్యో. అది మీరని గుర్తులేదు. కానీ అదే దుప్పటితో, వేడినీళ్ళ సీసాలతో నావి ఒక్కటీ పోలేదు. మీది పైన జాలీ ఉన్న పెద్ద గాజు ట్యాంకని చెప్పలేదు కదా.

రేవతి_ఆస్టిన్: మీరు అడగలేదు. మీ లెక్కలో పామంటే సొరుగులోనే ఉంటుంది మరి. ఒళ్ళు చాచుకోడానికి కూడా చోటుండదు.

సొరుగుల_శ్రీను: అదీ అసలు కడుపుమంట! గొడవ బల్బు గురించి కాదు, నా సొరుగుల గురించి.

రేవతి_ఆస్టిన్: అవును. సొరుగులో బల్బు పట్టదు కాబట్టే మీకు మ్యాట్ మంచిదైంది.

సొరుగుల_శ్రీను: పట్టదు, నిజమే. అయినా తింటున్నాయి, గుడ్లు పెడుతున్నాయి.

రేవతి_ఆస్టిన్: ఫారంలో కోళ్ళు కూడా పెడతాయి.

పాత_గుంటూరోడు: 🍿

కిరణ్_డాలస్: లేజర్‌తో కొలిచాను. గాజు మీద 117. మ్యాట్ పీకేశా. థర్మోస్టాట్ రేపొస్తుంది. గదిలో 74 ఉంది, ఈ రాత్రికి పర్లేదా? పొట్ట మీద గులాబీ రంగు మచ్చ కూడా ఉంది.

సొరుగుల_శ్రీను: రాత్రికి పర్లేదు. ఎలుకను మాత్రం పెట్టకండి, చల్లగా ఉంటే అరగక కక్కేస్తుంది.

రేవతి_ఆస్టిన్: ఆ మచ్చ ఫొటో పెట్టండి. పొక్కులుంటే రేపు పొద్దున్నే పాముల్ని చూసే వెట్ (పశువుల డాక్టరు) దగ్గరికి తీసుకెళ్ళండి, థర్మోస్టాట్ వచ్చేదాకా ఆగొద్దు.