షుగర్ ఉన్నవాళ్ళం ఇంకో మహమ్మారి వస్తే తట్టుకుంటామా? కరోనాలో మీకేమైందో చెప్పండి

రాత్రిచుక్క
షుగర్ వచ్చి పదకొండేళ్ళు, టైప్ 2. మాత్రలు రెండు రకాలు, ఏడాదిగా రాత్రిపూట ఒక డోసు ఇన్సులిన్. మొన్న మూడు నెలల సగటు షుగర్ (హెచ్‌బీఏ1సీ) 8.4 శాతం వచ్చింది. కరోనా నా జోలికి రాలేదు గానీ అప్పటి వార్తల్లో పోయినవాళ్ళ లెక్క చెప్పి, చివర్లో "ఆయనకి మధుమేహం కూడా ఉంది" అని ఒక ముక్క తగిలించేవాళ్ళు గుర్తుందా, అది ఇప్పటికీ చెవుల్లో మోగుతూనే ఉంది. ఎక్కడైనా కొత్త వైరస్ అనే మాట వినబడితే చాలు, ఆ రాత్రి నిద్ర పట్టదు. లేచి షుగర్ చూసుకుంటా. నిన్న రాత్రి 11 గంటలకి 268! దానికి కాస్త ముందే రెండు పండు ముక్కలు కోసుకుని నోట్లో వేసుకున్నా, అంతే, ఇంకేమీ తినలేదు.

నా సందేహాలు ఇవి. షుగర్ ఉంటే వైరస్ త్వరగా అంటుకుంటుందా, లేక అంటుకున్నాక ముదురుతుందా? జ్వరం వస్తే మాత్రలు వేసుకోవాలా, ఆపాలా? మందులు ఎన్నాళ్ళకి సరిపడా దగ్గర పెట్టుకోవాలి? కంటి పరీక్షలాంటివి అప్పుడు వాయిదా వేస్తే ఏమవుతుంది? వచ్చి బయటపడ్డవాళ్ళు ఎవరైనా ఉంటే నాలుగు మాటలు రాయండి, ధైర్యంగా ఉంటుంది.

మూడింటిచెమట
బయటపడ్డవాణ్ణే. 2021లో వచ్చింది. ఆక్సిజన్ 89కి పడిపోతే చేర్చారు. విచిత్రం ఏంటంటే ఆయాసమే లేదు నాకు, ఫోన్‌లో మాట్లాడుతూనే ఉన్నా, వేలికి పెట్టిన ఆ క్లిప్పు చూసి మావాళ్ళు కంగారు పడ్డారు. 94 కంటే తగ్గితే ఊరుకోకూడదని అప్పటికే అందరికీ తెలుసు కదా. లోపల డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ మొదలుపెట్టారు. అంతకుముందు 160 దాటని షుగర్ మూడోరోజుకి 480. నాకు ప్రాణం పోసింది ఆ మందే, షుగర్‌ని ఆకాశానికి ఎక్కించిందీ ఆ మందే. ఇన్సులిన్ పెంచుకుంటూ పోయారు, బాగానే ఉంది.

అసలు కథ ఇంటికొచ్చాక. స్టెరాయిడ్ ఆగిపోయింది, ఇన్సులిన్ డోసు మాత్రం ఆస్పత్రిలో రాసిచ్చిందే. స్టెరాయిడ్ ఆగితే ఇన్సులిన్ కూడా తగ్గించాలని ఒక్కళ్ళూ చెప్పలేదు, మాకు తెలీదు. ఐదోరోజు రాత్రి మూడింటికి బనియన్ తడిసి ముద్దయింది, చేతులు వణికి స్ట్రిప్ మీటర్‌లో దూరట్లేదు, మూడోసారికి దూరింది. 48. మా ఆవిడ చక్కెర నీళ్ళు గ్లాసు నోటికి పెడితే సగం మెడ మీదే పోయింది. వైరస్ వల్ల కాదండీ, ఆ కాగితం వల్ల పోయేవాణ్ణి. కాబట్టి రాత్రిచుక్క గారూ, ఆస్పత్రి నుంచి వచ్చేటప్పుడు "ఏ మందు ఎప్పుడు ఆగుతుంది, అది ఆగితే ఇన్సులిన్ ఎంత తగ్గించాలి" అని రాయించుకుని మరీ కదలండి.

టైపువన్_22ఏళ్ళు
ఎప్పుడూ ఇంతే, "షుగర్" అని అందరినీ ఒకే గంపలో వేసేస్తారు. మీ మాత్రలు ఒకపూట మర్చిపోయినా నడుస్తుంది. నాది టైప్ 1, ఒంట్లో ఇన్సులిన్ తయారే కాదు, బయటి ఇన్సులిన్ లేకపోతే రోజుల లెక్కే. 2020లో మీరంతా మాస్కుల కోసం తిరుగుతుంటే నేను ఫ్రిజ్ తలుపు తీసి కాట్రిడ్జ్‌లు లెక్కపెట్టేవాణ్ణి. పొద్దున ఒకసారి, పడుకునే ముందు ఒకసారి, ఏదో లెక్కపెడితే పెరుగుతాయన్నట్టు. వాడకంలో ఉన్నది బయట సుమారు 28 రోజులు ఉంటుంది, మిగతావి 2 నుంచి 8 డిగ్రీల్లో. భయం కొద్దీ లోపలికి, గడ్డకట్టే చోటికి తోసేసి నాలుగు పాడుచేసుకున్నా. గడ్డకట్టింది కరిగినా పనికిరాదు, పారెయ్యాల్సిందే.

జ్వరం వచ్చినప్పుడు అన్నం సహించట్లేదు కదా అని ఇన్సులిన్ మానేస్తారు చాలామంది. మా టైప్ 1 వాళ్ళకి అది చావు కబురు. ఏమీ తినకపోయినా జ్వరంలో షుగర్ పెరుగుతుంది, ఒత్తిడి హార్మోన్ల దెబ్బకి లివర్ దానంతట అదే చక్కెర వదులుతుంది. బేసల్ ఇన్సులిన్ (తిండితో సంబంధం లేకుండా రోజంతా నెమ్మదిగా పనిచేసేది) ఆపకూడదు, కీటోన్లు (ఇన్సులిన్ చాలక ఒళ్ళు కొవ్వుని కరిగిస్తే రక్తంలో చేరే ఆమ్లాలు) చూసుకోవాలి. రక్తంలో కీటోన్లు 3 దాటితే ఇంట్లో కూర్చునే పని లేదు.

ల్యాబ్‌కోటు
పదిహేడేళ్ళుగా ల్యాబ్‌లో పనిచేస్తున్నా, రోజుకి ఎన్ని శాంపిళ్ళు చూస్తానో మీకు లెక్క చెప్పక్కర్లేదు. ఇక్కడ అందరూ ఉపన్యాసాలు ఇస్తున్నారు గానీ ఆవిడ రాసిన అసలు ముక్క ఒక్కరికీ కనబడలేదు. పండు కోశారు, అదే చేత్తో వేలు పొడుచుకున్నారు. ఆ 268 మీ రక్తంలోది కాదమ్మా, వేలి మీదిది! స్ట్రిప్ తీసుకునేది ఒక్క చిన్న బొట్టు. వేలి మీద కంటికి కనబడనంత పండు రసం ఉన్నా అంకె ఎగిరి కూర్చుంటుంది. సబ్బుతో కడుక్కుని, బాగా తుడుచుకుని మళ్ళీ చూడండి.

గట్టిపిండం
నేను శానిటైజర్ రాసుకునే చూస్తా. కరోనా అప్పటినుంచి అలవాటు. ఏ తేడా లేదు.

ల్యాబ్‌కోటు
తేడా లేదని మీకెలా తెలిసింది? శానిటైజర్ క్రిముల్ని చంపుతుంది, చక్కెరని కాదు. చక్కెర వేలి మీదే ఉంటుంది, నీళ్ళతో కడిగితేనే పోతుంది. పైగా శానిటైజర్ ఆరకముందే పొడిస్తే బొట్టులో కలిసి అంకె ఇంకోలా వస్తుంది.

గట్టిపిండం
ఆస్పత్రిలో స్పిరిట్ దూదితోనే కదా తుడుస్తారు? వాళ్ళందరూ తెలివితక్కువవాళ్ళా?

ల్యాబ్‌కోటు
ఆరేదాకా ఆగుతారు. అక్కడ పేషెంటు పండు కోసుకుంటూ ఉండడు.

గట్టిపిండం
సరే పెద్దాయనా, ల్యాబ్ మీదే, రాజ్యం మీదే. నా ఫాస్టింగ్ ఎప్పుడూ 110 దాటదు, అది శానిటైజర్ మహిమే అనుకోండి. అసలు రాత్రిచుక్క గారికి నేను చెప్పేది ఒకటే: క్రమశిక్షణ. కరోనాలో పోయింది ఎవరు? షుగర్‌ని గాలికి వదిలేసినవాళ్ళే. అదుపులో ఉంచుకున్నవాళ్ళకి ఏమీ కాలేదు.

అమ్మకూతురు
ఈ మాట ఇంకోసారి అనకండి. మా అమ్మ 2021 మే నెలలో పోయింది. మూడు నెలల షుగర్ 6.8. ప్రతి మాత్రా టైముకి వేసుకునేది, నోట్‌బుక్‌లో తేదీ వేసి రీడింగ్ రాసుకునేది, నీలం పెన్నుతో ఫాస్టింగ్, ఎర్ర పెన్నుతో తిన్నాక. ఆ పుస్తకం ఇప్పటికీ నా దగ్గరే ఉంది, చివరి పేజీలో ఎర్ర అంకె లేదు. పలకరించడానికి ఫోన్ చేసిన ప్రతివాళ్ళూ మొదట అడిగిందేంటో తెలుసా, "షుగర్ ఉందా?" ఉంది అనగానే "అదీ సంగతి" అని ఒక నిట్టూర్పు. అంటే ఆవిడ తప్పన్నమాట. మీకు రాలేదు, సంతోషం. రానందుకు మెడల్ వేసుకోకండి.

గట్టిపిండం
నేను మీ అమ్మగారి గురించి అనలేదు మేడమ్. మామూలుగా అన్నా.

టైపువన్_22ఏళ్ళు
"మామూలుగా" అన్నదే ఆవిడకి తగిలింది. అదుపులో ఉంటే ముప్పు తగ్గుతుంది, పోదు. ఈ రెండింటికీ చాలా తేడా ఉంది. ఇంగ్లండ్‌లో మొదటి విడతలో ఆస్పత్రుల్లో కరోనాతో పోయినవాళ్ళలో దాదాపు మూడోవంతు మందికి షుగర్ ఉంది, నిజమే. కానీ అన్నిటికంటే పెద్ద కారణం వయసు, నలభై లోపువాళ్ళలో షుగర్ ఉన్నా మరణాలు చాలా తక్కువ. ఆ రెండో ముక్క ఎవరూ చెప్పరు, మొదటిది మాత్రం అందరి నోటా వింటాం.

మూడింటిచెమట
అమ్మకూతురు గారూ, ఏం రాయాలో తెలియట్లేదు. ఆ పుస్తకం జాగ్రత్తగా ఉంచుకోండి.

గడియారం
బ్లాక్ ఫంగస్ గురించి ఎవరూ మాట్లాడరేం? స్టెరాయిడ్, అదుపు తప్పిన షుగర్, రెండూ కలిస్తే వచ్చేది అదే కదా. మా బాబాయికి ఒక కన్ను తీసేశారు. మొదట బుగ్గ తిమ్మిరెక్కిందన్నాడు, పన్ను నొప్పేమో అనుకుని నాలుగు రోజులు ఊరుకున్నాం.

మూడింటిచెమట
ఆక్సిజన్ బాగానే ఉన్నా ఇంట్లో కూర్చుని ఎవరో చెప్పారని స్టెరాయిడ్ మింగినవాళ్ళు ఎంతమందో. 2020 జూన్‌లో ఈ మందు మీద బ్రిటన్‌లో చేసిన రికవరీ అనే పరిశోధన ఫలితం వచ్చినప్పుడే స్పష్టంగా చెప్పారు, ఆక్సిజన్ లేదా వెంటిలేటర్ అవసరమైనవాళ్ళకే డెక్సామెథాసోన్‌తో లాభం, మిగతావాళ్ళకి లేదు అని. వాళ్ళు వాడిందీ రోజుకి 6 మిల్లీగ్రాములు, ఎక్కువలో ఎక్కువ పది రోజులు.

గట్టిపిండం
మళ్ళీ ఉపన్యాసం.

మూడింటిచెమట
480 చూసినవాణ్ణి, ఇస్తా. నువ్వు చూశాక నువ్వూ ఇద్దువుగాని.

రాత్రిచుక్క
దయచేసి కొట్టుకోకండి. నేను అడిగినవాటిలో మాత్రల సంగతి ఇంకా తేలలేదు. కంటి పరీక్ష సంగతి కూడా.

టైపువన్_22ఏళ్ళు
మాత్రల గురించి నేను అట్టే చెప్పలేను, మీ డాక్టర్‌ని ఇప్పుడే, బాగున్నప్పుడే అడిగి కాగితం మీద రాయించుకోండి. ఒక్కటి మాత్రం: మీ రెండింట్లో పేరు చివర "గ్లిఫ్లోజిన్" అని వచ్చేది ఉందా? డపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటివి. ఉంటే, జ్వరంతో తిండి లేకుండా పడుకున్నప్పుడు అది తాత్కాలికంగా ఆపమంటారు. ఎందుకంటే దానితో షుగర్ 180 ఉండి కూడా కీటోన్లు పెరిగిపోవచ్చు, మీటర్ చూసి బాగానే ఉన్నాం అనుకుంటారు. మెట్‌ఫార్మిన్ కూడా వాంతులు, విరేచనాలతో ఒంట్లో నీరు పోతుంటే ఆపమంటారు. ఇన్సులిన్ మాత్రం మీ అంతట మీరు మానెయ్యొద్దు.

ల్యాబ్‌కోటు
అంటుకోవడం సంగతి కూడా అడిగారు. అంటుకోవడం అందరికీ ఒకటే, అంటుకున్నాక ముదరడంలోనే మనకి ముప్పు ఎక్కువ. చేతులు కడుక్కున్నారా ఇంతకీ?

రాత్రిచుక్క
గ్లిఫ్లోజిన్ ఉందండీ! పొద్దున వేసుకునేది అదే. ఈ ముక్క ఇన్నేళ్ళలో ఎవరూ చెప్పలేదు, రేపే ఫోన్ చేసి అడుగుతా.

చేతుల సంగతి: ఇందాక సాయంత్రం కావాలనే పండు కోశా. ఊరికే గుడ్డకి తుడుచుకుని చూస్తే 241. వెంటనే సబ్బుతో కడుక్కుని, ఆరబెట్టుకుని, అదే చేతి పక్క వేలు పొడిస్తే 152. నిన్న రాత్రి 268 చూసి తెల్లారేదాకా మేలుకున్నా నేను.

అమ్మకూతురు
మా అమ్మ ఎర్ర అంకెలు కొన్ని ఊరికే పెద్దగా ఉండేవి. ఆ రోజు రాత్రి అన్నం తినేది కాదు.

ల్యాబ్‌కోటు
ఇంకో మాట. నీళ్ళు అందుబాటులో లేకపోతే మొదటి బొట్టు తుడిచేసి రెండో బొట్టు స్ట్రిప్‌కి పెట్టండి. వేలు పిండొద్దు.

గట్టిపిండం
మొదటి బొట్టు తుడిచెయ్యాలా? మా డాక్టర్ మొదటిదే పెట్టమన్నాడు.

ల్యాబ్‌కోటు
కడిగిన చేతికి మొదటిది. కడగని చేతికి రెండోది. శానిటైజర్ చేతికి ఏదో మీరే చెప్పండి.