ముత్తాత చరిత్ర పుస్తకంగా వేయాలి – చేసినవాళ్లు చెప్పండి

అఫ్జల్‌గంజ్ వాసి:
మా ముత్తాత నల్లగొండ వైపు నుంచి వచ్చి ఇక్కడ బట్టల దుకాణం పెట్టారు. మా ఇంటిపేరుతో హైదరాబాద్‌లో మొదట స్థిరపడింది ఆయనే. 1908 మూసీ వరదలో ఇల్లు పోయినా ఊరు విడిచి వెళ్లలేదు. ఆయన చిట్టాలు, ఉర్దూ కాగితాలు, ఫొటోలు ట్రంకుపెట్టెలో ఉన్నాయి. ఎక్కడ మొదలుపెట్టాలి?

మలక్‌పేట మేనకోడలు:
పెద్దవాళ్లతో మొదలుపెట్టండి, కాగితాలు తర్వాత చూడొచ్చు. ‘మీ చిన్నప్పటి సంగతులు చెప్పండి’ అంటే ఎవరూ నోరు విప్పరు. ఒక ఫొటో చేతిలో పెట్టి ఎవరెవరని అడగండి, ఫోన్‌లో రికార్డు చేయండి. మా మేనత్త ఒక పెళ్లి ఫొటో చూసి, ఆ నగలు ఎవరి దగ్గర అడిగి తెచ్చారో, పందిరి ఎవరు వేశారో అన్నీ చెప్పింది. పేర్లు ఫొటో వెనక మెత్తటి పెన్సిల్‌తో రాయండి, బాల్‌పెన్ వద్దు. వంశవృక్షంలో ఆడపిల్లల పేర్లు, వాళ్ల పిల్లల పేర్లు తప్పకుండా ఉండాలి. మా ఇంట్లో వాళ్లే ఎక్కువ గుర్తుపెట్టుకున్నారు.

పాత కాగితాలు:
నిజాం కాలం కాగితాల మీద తేదీలు ఫసలీలో, అంటే అప్పటి సర్కారు సంవత్సరాల లెక్కలో ఉంటాయి. 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. 1340 ఫసలీ అంటే 1930–31. ఉర్దూ వచ్చినా షికస్తా అనే గొలుసుకట్టు చేతిరాత అందరూ చదవలేరు, అలవాటున్న పెద్దవాళ్లను పట్టుకోవాలి. ఊరి భూమి సంగతులకు సేత్వార్ (సర్వే నాటి మూల భూమి రికార్డు), 1954–55 ఖాస్రా పహాణీ (ఏ భూమి ఎవరి చేతిలో ఉందో రాసిన రికార్డు) చూడండి. తార్నాకలో పాత సర్కారు కాగితాలు దాచే రాష్ట్ర ఆర్కైవ్స్ ఉంది. పాత పత్రికల కోసం 1901లో పెట్టిన శ్రీకృష్ణదేవరాయ భాషా నిలయం అనే గ్రంథాలయంలో, మీ అఫ్జల్‌గంజ్ రాష్ట్ర కేంద్ర గ్రంథాలయంలో అడగండి.

అఫ్జల్‌గంజ్ వాసి:
చాలా థ్యాంక్స్ అన్నా. చిట్టా తెరిస్తే పసుపు బొట్టు పెట్టిన మొదటి పేజీ మీద 1329 అని ఉంది. అంటే 1919–20! లెక్కలన్నీ హాలీ సిక్కాల్లో, అంటే నిజాం రూపాయల్లో. ఇంకో టెన్షన్, అన్నదమ్ముల ఆస్తి తగాదా రాయాలా వద్దా?

మలక్‌పేట మేనకోడలు:
రాయొద్దండీ. పుస్తకం పేరుతో మళ్లీ మాటలు ఆగిపోతాయి.

పాత కాగితాలు:
నేను ఒప్పుకోను. దుకాణం రెండెందుకైందో చెప్పకపోతే తర్వాతి కథ అర్థం కాదు. ఎవరిది తప్పో తేల్చకండి. ఫలానా సంవత్సరం పంపకాలు జరిగాయని రాసి, రెండు వైపులవాళ్లకూ ఆ పేజీలు ముందే చూపించండి.

డీటీపీ చిక్కడపల్లి:
నా పని కంపోజింగ్. ‘అను’ అనే పాత తరహా తెలుగు ఫాంట్లలో చేస్తే అచ్చు చక్కగా వస్తుంది, కానీ రేపు మీ మనవడు కంప్యూటర్‌లో తాత పేరు వెతికితే దొరకదు. ఏ కంప్యూటర్‌లోనైనా వెతికితే దొరికే యూనికోడ్ కావాలని, చివరి ఫైలు మీకే ఇవ్వాలని ముందే మాట్లాడుకోండి. ఒక ప్రెస్ మా చుట్టాలకు ఫైలు ఇవ్వనంది, రెండో ముద్రణకు మొత్తం మళ్లీ టైపు చేయాల్సి వచ్చింది. వాట్సాప్‌లో వచ్చిన ఫొటోలు అచ్చుకు పనికిరావు, అసలువి 600 డీపీఐలో స్కాన్ చేయించండి. ప్రెస్‌లో ఒక ఫారం అంటే 16 పేజీలు, మొత్తం పేజీలు ఆ లెక్కకు సరిపెట్టుకోండి. గమ్ బైండింగ్ కొన్నేళ్లకు ఊడుతుంది, కుట్టు బైండింగ్ చేయించండి.

పాత కాగితాలు:
ఐఎస్‌బీఎన్ (పుస్తకానికి ఇచ్చే గుర్తింపు సంఖ్య) ఉచితమే, తీసుకోండి. అచ్చైన పుస్తకాలు గ్రంథాలయాలకు ఇవ్వాలనే 1954 చట్టం ప్రకారం కోల్‌కతా జాతీయ గ్రంథాలయానికి ఒక కాపీ పంపాలి. భాషా నిలయానికి, ముత్తాత పుట్టిన ఊరి గ్రంథాలయానికి కూడా ఇవ్వండి. చుట్టాలకు పంచాక మిగిలినవి ఇద్దామంటే ఒక్కటీ మిగలదు, ఆ కాపీలు మొదటిరోజే పక్కన పెట్టండి.