దట్టంగా పేర్చిన నానోకణాల్లో నిజంగా అయస్కాంత క్రమం ఏర్పడుతుందా, లేక కణాలు విడివిడిగా గడ్డకడుతున్నాయా?

స్పిన్‌మిత్ర: నానోకణాల్ని దూరదూరంగా ఉంచితే లెక్క సులువే. వేడికి ఒక్కో కణం అయస్కాంత భ్రామకం (అయస్కాంతంగా దాని బలం, దిశ) అటూ ఇటూ తిరుగుతుంది, చల్లబడితే సొంత శక్తి అడ్డంకి దాటలేక ఆగిపోతుంది. 1949లో భౌతిక శాస్త్రవేత్త లూయీ నీల్ చెప్పింది ఇదే. దగ్గరగా పేర్చితే? 10 నానోమీటర్ల మాగ్నెటైట్ కణం భ్రామకం దాదాపు 25 వేల బోర్ మాగ్నెటాన్లు (పరమాణు స్థాయి భ్రామకాల్ని కొలిచే ప్రమాణం). కేంద్రాల మధ్య 15 నానోమీటర్లే ఉంటే ద్విధ్రువ శక్తి (చిన్న అయస్కాంతాల్లా ఒకదానిపై ఒకటి చూపే ప్రభావం), ఉష్ణోగ్రత లెక్కలో చెప్తే, 100 కెల్విన్ దాటుతుంది. పరమాణువుల మధ్య ఇది 1 కెల్విన్ స్థాయి. ఇంత బలం ఉన్నప్పుడు కణాలన్నీ కలిసి సూపర్‌స్పిన్ గ్లాస్ (భ్రామకాలు తలో దిక్కుకీ ఉంటూనే ఒకదాని ప్రభావంతో ఒకటి కలిసి గడ్డకట్టే స్థితి) అవుతాయని నా వాదన.

నీల్‌పక్షం: ఒప్పుకోను. మెమరీ ఎఫెక్ట్ (చల్లబరుస్తూ ఎక్కడ ఆగామో శాంపిల్ గుర్తుంచుకోవడం) కనిపించగానే గ్లాస్ అనేస్తారు. అయస్కాంత ఫీల్డ్ పెట్టి చల్లబరుస్తూ మధ్యలో ఆగితే, పరస్పర ప్రభావం లేని పొడిలోనూ ఆ గుర్తు అయస్కాంతీకరణ వక్రరేఖలో మెట్టులా వస్తుంది. కణాల సైజులు రకరకాలుగా ఉంటే చాలు.

స్పిన్‌మిత్ర: ఆ మెమరీ గురించి నేను మాట్లాడనే లేదు. ఫీల్డ్ లేకుండా చల్లబరిచి, మధ్యలో కొన్ని గంటలు ఆపి, తర్వాత చిన్న ఫీల్డ్‌తో వేడిచేస్తూ కొలవండి. ఆగిన ఉష్ణోగ్రత దగ్గర వక్రరేఖలో గుంట పడుతుంది. విడి కణాలకు ఇది రాదు, ఫీల్డ్ లేనప్పుడు రెండు దిశల్లోనూ సమానంగానే ఉంటాయి కాబట్టి.

నీల్‌పక్షం: గుంట లోతెంత? ఆపి కొలిచిన వక్రరేఖలోంచి ఆపకుండా కొలిచినదాన్ని తీసివేస్తే మిగిలే కాస్త తేడాయే కదా. ఫీల్డ్ నిజంగా సున్నాయేనా, అవశేష ఫీల్డ్ ఎంతో చెప్పండి.

కుదురు: ఏసీ ససెప్టిబిలిటీ (అటూ ఇటూ మారే ఫీల్డ్‌కు శాంపిల్ స్పందన) చూశారా?

స్పిన్‌మిత్ర: చూశాను. కణాలు విడివిడిగా ఆగుతున్నాయనుకుని లెక్క కడితే మూలకాలం (కణం తిరగడానికి చేసే ఒక్కో ప్రయత్నానికి పట్టే సమయం) 10⁻²⁰ సెకన్ల కంటే తక్కువ వస్తోంది. నీల్ లెక్కలో అది 10⁻⁹ నుంచి 10⁻¹² మధ్య ఉండాలి. భౌతికంగా అర్థం లేని అంకె అది.

నీల్‌పక్షం: ఆ అంకెతో నేను పడ్డ బాధ నాకే తెలుసు. విడి కణాల లెక్కతోనే అన్నీ వివరించిన మా పేపర్‌ను ఒక రివ్యూయర్ ‘గ్లాస్ ప్రస్తావన లేదు’ అని తిప్పి పంపించాడు. ఏ పొడి తెచ్చినా గ్లాస్ అనాల్సిందేనా?

వేణువు: రివ్యూయర్ మీద కోపం డేటా ఎలా అవుతుందండీ?

జాలకం: పేర్పు సంగతి ఎవరూ మాట్లాడరేం? 1946లోనే భౌతిక శాస్త్రవేత్తలు లట్టింజర్, టిస్జా చూపించారు: మామూలు ఘనాకార జాలకంలో ద్విధ్రువాల వరుసలు ఎదురెదురు దిశల్లో నిలబడతాయి, ఫేస్‌సెంటర్డ్‌లో (ఘనం ముఖాల మధ్యలోనూ కణాలుండే జాలకంలో) ఫెర్రో క్రమం, అంటే అన్నీ ఒకే దిశలో నిలబడడం, వస్తుంది. చిందరవందర పేర్పులోనే గ్లాస్ మాట.

స్పిన్‌మిత్ర: మేం మాట్లాడేది చిందరవందర పేర్పు గురించే. నీల్‌పక్షం గారూ, ఒకటి చూపిస్తే ఇంకోటి అడుగుతున్నారు. ఏం చూపిస్తే ఒప్పుకుంటారో ముందే చెప్పేయండి!

నీల్‌పక్షం: సూటిగా చెప్తాను. మామూలు స్పిన్ గ్లాస్‌లో (పరమాణువుల భ్రామకాలతో ఏర్పడేది) ఒక స్పిన్ తిరగడానికి 10⁻¹³ సెకన్లు చాలు. నానోకణం తిరగడానికి మైక్రోసెకన్లు పట్టొచ్చు, చల్లబడేకొద్దీ ఇంకా ఎక్కువ. గంటలు కొలిచినా మీ క్రమం కొద్ది కణాల దూరమే పాకుతుంది. సమతాస్థితికి ఎన్నటికీ చేరని దాన్ని నేను ఫేజ్ (పదార్థానికి ఒక ప్రత్యేక స్థితి) అనను.

స్పిన్‌మిత్ర: అయితే మామూలు స్పిన్ గ్లాస్‌ను కూడా కొట్టేయాలి, గడ్డకట్టాక అదీ సమతాస్థితికి చేరదు. పైనుంచి దిగుతూ చూడండి. గ్లాస్ ఉష్ణోగ్రతకు పైన కణాలు సమతాస్థితిలోనే ఉంటాయి. అక్కడ నాన్‌లీనియర్ ససెప్టిబిలిటీ (ఫీల్డ్‌కు అనుపాతంలో లేని స్పందన) విపరీతంగా పెరగడం, ఏసీ ససెప్టిబిలిటీ పీక్ దగ్గర స్పందన ఘాత నియమం ప్రకారం నెమ్మదించడం కొలవగలం. మనిద్దరి గొడవ గుంట లోతు మీద కాదన్నమాట, దీన్ని ఫేజ్ అనొచ్చా అన్నదాని మీద.

కుదురు: ఇది మొదట్లోనే అనుంటే సగం పోస్టులు తప్పేవి.

నీల్‌పక్షం: అదే బ్యాచ్ కణాలకు మందపాటి సిలికా పూత వేసి ఎడం చేయండి. అదే పరికరంలో, అన్నిసార్లూ అంతే సేపు ఆపి కొలవండి. ఎడంగా ఉన్న శాంపిల్‌లో గుంట మాయమై, దట్టమైన దాంట్లో నిలిస్తే పరస్పర ప్రభావాన్ని ఒప్పుకుంటాను. ఫేజ్ అన్న మాట మాత్రం అప్పటికీ ఒప్పుకోను.