చెరువుగట్టు ఫోటోలు చూపించి మార్కులు వేయిస్తే సరిపోతుందా?

ప్రశ్న (ఆర్కిటెక్చర్ విద్యార్థిని, నెల్లూరు): స్వర్ణాల చెరువు గట్టున జనం ఎక్కడ కూర్చోవడానికి ఇష్టపడతారన్నది నా ప్రాజెక్టు. చెట్ల నీడ ఉన్నచోటు, టైల్స్ పరిచినచోటు ఫోటోలు తీసి నలభై మందితో మార్కులు వేయించాను. అందరూ చెట్లకే వేశారు. "ఫోటోకు వేసిన మార్కు గట్టుకు వేసినట్టేనా?" అని మా గైడు అడిగారు. ఆ చోటే ఉన్నట్టు చుట్టూ బొమ్మ చూపే వీఆర్ (వర్చువల్ రియాలిటీ) కళ్లజోడు అరువు తెస్తే, పెట్టుకున్న మా పెద్దమ్మకు కళ్లు తిరిగాయి. ఏం చేయాలి?

జవాబు 1: మీరు జతచేసిన ఫోటోలు చూశానమ్మా. చెట్లను పొద్దున్నే తీశారు, టైల్స్‌ను మిట్టమధ్యాహ్నం తీశారు. మార్కులు చెట్లకు పడ్డాయా, లేత ఎండకా? ఒకే రోజు, ఒకే వేళ, మనిషి కంటి ఎత్తులో మళ్లీ తీయండి. ఒక్కో రకానికి అయిదారు ఫోటోలైనా ఉండాలి. లేకపోతే జనం మెచ్చింది చెట్టునో, మూలనున్న కొంగనో తేలదు. చూపే వరుస ఒక్కొక్కరికీ మార్చండి.

ఇక గైడుగారి ప్రశ్న. "చూడటానికి బాగుందా?" అని అడగడానికి ఫోటో పనికొస్తుంది. అమెరికా అటవీ శాఖ 1976లో ప్రచురించిన ప్రకృతి దృశ్యాల అందాన్ని అంచనా వేసే పద్ధతిలోనూ రంగు స్లైడ్లకే మార్కులు వేయించారు. "ఇక్కడ గంటసేపు కూర్చుంటారా?" అన్నది వేరే ప్రశ్న. ఫోటోలో టైల్స్ కాలవు, మన ఊరి దోమ కుట్టదు. అందుకే ఓ పదిమందినైనా గట్టుకు తీసుకెళ్లి అవే ప్రశ్నలు అడగండి. జవాబులు ఎక్కడ మారాయో అదే మీ రిపోర్టులో అసలు సంగతి అవుతుంది.

జవాబు 2: వీఆర్ గురించి నేను చెబుతాను. నడుస్తున్నామని కన్ను చెబుతుంది, కదల్లేదని లోపలిచెవి చెబుతుంది. ఆ తగవుకే కళ్లు తిరుగుతాయి. కాబట్టి తెర మీద నడిపించకండి. తిరిగే కుర్చీలో కూర్చోబెట్టి, ఒకేచోటి నుంచి తీసిన 360 డిగ్రీల చిత్రం రెండు మూడు నిమిషాలు చూపండి. గట్టు మీద రికార్డు చేసిన శబ్దం కలిపితే ఇంకా మంచిది. తరచూ తల తిరిగేవాళ్లను ముందే అడిగి తప్పించండి.

ఇంకో మాట. ఆసుపత్రి రోగుల మీద రోజర్ ఉల్రిచ్ అనే పరిశోధకుడు చేసిన 1984 నాటి పరిశోధనను, ఫోటో చూపితే చాలుననడానికి రుజువుగా రాయకండి, చాలామంది చేసే పొరపాటే అది. చెట్లు కనబడే గదుల్లోని 23 మంది రోగులు, ఇటుకగోడ కనబడే గదుల్లోని 23 మంది కంటే త్వరగా ఇంటికెళ్లారన్నది నిజమే. కానీ వాళ్లు చూసింది ఆసుపత్రి కిటికీలోంచి నిజమైన చెట్లను.

అడిగినవారు: మధ్యాహ్నం ఫోటో సంగతి నాకు తట్టనే లేదండీ. ఆదివారం మళ్లీ తీస్తాను. పెద్దమ్మ కళ్లజోడు ముట్టనంటోంది, గట్టుకైతే వస్తానంది. పదిమందిలో ఒకరు దొరికారు.