నాలుగు నెలలు, పదకొండు టపాలు, చదివేది నేనే: బ్లాగుకు చదువరులు ఎలా వస్తారు?

రాత్రిబాటసారి (ప్రశ్న)

నమస్కారం. నాలుగు నెలల క్రితం బ్లాగు మొదలుపెట్టాను. ఇప్పటికి 11 టపాలయ్యాయి. ఆరు టపాలు బైనాక్యులర్‌తో ఆకాశం చూడటం గురించి, మూడు చదివిన పుస్తకాల గురించి, మిగిలిన రెండూ కవితలు. కవితల సంగతి దయచేసి అడగకండి.

రోజుకు ముప్పై, నలభై వీక్షణలు కనబడుతున్నాయి గాని వ్యాఖ్య మాత్రం ఇంతవరకు ఒక్కటే వచ్చింది. అది మా అక్క రాసింది: "చాలా బాగుంది. అసలు నువ్వు నిద్రపోతున్నావా?"

ప్రతి టపా లంకెనూ సామాజిక మాధ్యమాల్లో పెట్టాను. మెచ్చుకోలు గుర్తులు బాగానే వచ్చాయి, లోపలికి వచ్చి చదివినవారు లేరు. రోజూ రాయాలా? ఒకే విషయానికి కట్టుబడాలా? సొంత డొమైన్ పేరు, అంటే బ్లాగుకు మనదే అయిన వెబ్ చిరునామా, ఇప్పుడే తీసుకోవాలా, నలుగురు చేరాక చూసుకోవచ్చా? అనుభవం ఉన్నవారు చెప్పండి.

తీగలాగేవాడు

ముందు యంత్రం సంగతి చూద్దాం, రాత సంగతి తర్వాత.

ఆ నలభైలో మీవి ఎన్ని? మీ బ్లాగు గూగుల్ వారి బ్లాగర్ వేదిక మీద ఉంటే గణాంకాల దగ్గర సొంత వీక్షణలను లెక్కించవద్దని చెప్పే వీలుంది. ఫోనులో ఒకసారి, కంప్యూటర్‌లో ఒకసారి విడివిడిగా పెట్టుకోవాలి.

వర్డ్‌ప్రెస్ అయితే సెట్టింగుల్లో 'రీడింగ్' అన్న చోటికి వెళ్లండి. శోధన యంత్రాలు ఈ సైటును పట్టించుకోవద్దని కోరే గడి ఒకటి ఉంటుంది. బ్లాగు కట్టుకుంటున్న రోజుల్లో, సగం పని ఎవరి కంటా పడకూడదని దానికి నేనే టిక్కు పెట్టాను. తీయడం మరిచిపోయాను. ఏడు నెలలు! ఆ ఏడు నెలలూ నా రాతలో లోపమేమిటా అని మథనపడి వాక్యాలు చిన్నవి చేశాను, రంగులు మార్చాను, చివరికి బ్లాగు పేరు కూడా మార్చాను. తలుపు లోపలి నుంచి గడియపెట్టి చుట్టాలు రాలేదని ఏడ్చినట్టయింది.

గడి సరిగానే ఉంటే గూగుల్ సెర్చ్ కన్సోల్‌లో బ్లాగును నమోదు చేసుకోండి. ఏ మాటలు వెతికినవారికి మీ పేజీ కనబడిందో, కనబడినా ఎందరు నొక్కలేదో అక్కడ తెలుస్తుంది. వీక్షణల అంకె కంటే ఆ పట్టిక వందరెట్లు నయం.

ఇంకొకటి, టపా లంకెను ఇంగ్లీషు అక్షరాల్లో మీరే రాసుకోండి. తెలుగులో వదిలేస్తే కాపీ చేసి ఎక్కడైనా అతికించినప్పుడు ఒక్కో గుర్తూ తొమ్మిది అక్షరాల గజిబిజిగా మారుతుంటుంది. 'ఆకాశం' అన్న చిన్న మాటే 45 అక్షరాలవుతుంది. చూసినవాడు వైరస్ అనుకుని పారిపోతాడు.

సిరామరక

పాత సిరాకలాలు బాగుచేయడం గురించి తొమ్మిదేళ్లుగా రాస్తున్నాను. నా అనుభవం కాస్త పొడుగు, ఓపిక పట్టండి.

మొదటి ముప్పై టపాలు కలం మీద నా ప్రేమ గురించే. సిరా వాసన, పాళీ చప్పుడు, కాగితం గరుకు. ఇప్పుడు చదివితే సిగ్గేస్తుంది గాని తీసేయలేదు. ఎవరూ రాలేదు. ఎందుకు వస్తారు? నా ప్రేమను వెతుక్కుంటూ ఎవరూ బయలుదేరరు కదా.

ఒకరోజు నా కలమే రాస్తూ రాస్తూ మధ్యలో ఆగిపోయింది. సిరా నిండుగా ఉంది, పాళీ నిటారుగా ఉంది, అర పేజీ దాటగానే ఎండిపోతోంది. విప్పి చూస్తే పాళీ కింద ఉండే ముక్క, దాన్ని ఫీడ్ అంటారు, దాని సన్నని గాళ్లలో పాత సిరా గట్టిపడి ఉంది. సిరా కిందికి దిగాలంటే గాలి పైకి వెళ్లాలి. ఆ దారి మూసుకుపోయింది. మామూలు నీటిలో రాత్రంతా నానబెట్టాను. వేడినీళ్లు గాని స్పిరిటు గాని వాడలేదు, కొన్ని పాత ప్లాస్టిక్‌లు పాడైపోతాయి. ఇదంతా ఆరు ఫొటోలతో, 'రాస్తూ మధ్యలో ఆగిపోయే సిరాకలం: కారణం, మరమ్మతు' అన్న పేరుతో పెట్టాను. నా దృష్టిలో అది సాహిత్యమే కాదు, పనిచీటీ.

ఎనిమిది నెలలు ఉలుకూ పలుకూ లేదు. తర్వాత కలాలవాళ్ల బృందంలో ఎవరో సరిగ్గా ఇదే బాధ చెప్పుకున్నారు. నేను లంకె పడేసి రాలేదు. పరిష్కారం మొత్తం అక్కడే రాసి, ఫొటోలు కావాలంటే ఇక్కడున్నాయని చివర్లో ఒక్క వాక్యం చేర్చాను. ఆ వారం పన్నెండుమంది వచ్చారు, నలుగురు వ్యాఖ్య రాశారు. వారిలో ఒకరు, "నానబెట్టాను, అయినా మొదటి గీత పడటం లేదు" అన్నారు. అది ఫీడ్ జబ్బు కాదు, పాళీ మొనది. దాని మీద తర్వాతి టపా రాశాను. దాని కింద మరో ప్రశ్న వచ్చింది. అప్పటి నుంచి ఏం రాయాలా అని నేను తల పట్టుకున్నది తక్కువ. పనిచీటీ చదవడానికి వచ్చినవారిలో కొందరు వెనక్కి వెళ్లి నా పాత ప్రేమలేఖలు కూడా చదివారు, అది వేరే వింత.

మీ ఆకాశం టపాల పేర్లు మీరు చెప్పలేదు. నా ఊహ: 'నక్షత్రాలతో నేను'. తప్పయితే మన్నించండి. కొత్తగా 10×50 బైనాక్యులర్ కొన్నవాడు రాత్రి పదకొండింటికి ఏం వెతుకుతాడో ఆలోచించండి. 'శని వలయాలు ఎందుకు కనబడటం లేదు?' అదీ వాడి బాధ. ఆ బైనాక్యులర్ పదిరెట్లే పెద్దదిగా చూపుతుంది, వలయాలు విడిగా తెలియాలంటే ఇరవై అయిదు రెట్లయినా ఉండాలి, అందుకు టెలిస్కోపు కావాలి. ఆ మాట చెప్పి వాణ్ని నిరాశతో పంపకుండా గురుగ్రహం వైపు తిప్పండి. 1610 జనవరిలో గెలీలియో చూసిన నాలుగు ఉపగ్రహాలూ ఆ బైనాక్యులర్‌కే అందుతాయి. చేతులు వణకకుండా మోచేతులు కుర్చీ వీపుకు ఆనించమనండి. ఇవన్నీ నాకు మీలాంటివారి బ్లాగులోనే తెలిశాయి. ఆ బ్లాగు పేరు గుర్తుంది, ఎందుకంటే నా ప్రశ్నకు జవాబు దొరికింది అక్కడే.

మిగతావి గబగబా. రోజూ రాయనక్కరలేదు, నేను నెలకు రెండే రాస్తాను. సొంత డొమైన్ మాత్రం ఇప్పుడే తీసుకోండి. నేను ఆరేళ్లు ఆగి మార్చాను, పాత లంకెలు కొత్త చోటికి మళ్లించేసరికి తలప్రాణం తోకకు వచ్చింది. ఈమెయిల్ జాబితా మొదటి రోజు నుంచే పెట్టండి, అయిదుగురే ఉన్నా సరే. సామాజిక మాధ్యమం రేపు మీ టపాను ఎవరికి చూపిస్తుందో మీ చేతిలో లేదు, ఉత్తరం మాత్రం వాళ్ల పెట్టెలో పడుతుంది. అడగకుండా ఎవరి చిరునామానూ అందులో చేర్చకండి. అక్కగారిది కూడా.

అటకమీదిపెట్టె

సిరామరక గారి మాట పనికొచ్చే రాతలకు సరిపోతుంది. నా బ్లాగులో ఎవరికీ పనికొచ్చేది ఏదీ లేదు. దినచర్యలు, నాన్న పాత ఉత్తరాలు, మధ్యాహ్నపు ఆలోచనలు. శోధన యంత్రానికి నేనంటే ఎవరో తెలియదు, నాకూ దానితో పనిలేదు.

నాకు చదువరులు పద్నాలుగుమంది. వేళ్లమీద లెక్కపెట్టగలను, వారిలో తొమ్మిదిమంది వాళ్లూ బ్లాగులు రాసేవారే. ఎలా వచ్చారంటే, నేనే ముందు వెళ్లాను. నచ్చిన బ్లాగులో "బాగుంది" అని ఊరుకోకుండా, ఏ వాక్యం దగ్గర ఆగిపోయానో, నాకేం గుర్తొచ్చిందో నాలుగు వాక్యాలు రాసేదాన్ని. నా లంకె పెట్టేదాన్ని కాదు, పేరు నొక్కితే ఎలాగూ తెలుస్తుంది. నా టపాలో వాళ్ల టపాను ప్రస్తావిస్తే వాళ్లకు ఉత్తరం రాసేదాన్ని. మొదటి ఏడాది రాసిన వ్యాఖ్యలన్నీ కలిపితే నా టపాలకంటే ఎక్కువే ఉంటాయి.

కవితలు తీసేయకండి. ఆకాశం కోసం వచ్చినవారిలో ఒక్కరైనా వాటి దగ్గర ఆగుతారు. ఆగకపోయినా నష్టం లేదు, అది మీ ఇల్లు.

తీగలాగేవాడు

ఒక చేర్పు. ఏ మార్గంలో వెళ్లినా నెలకోసారి బ్లాగును దింపి దాచుకోండి. వర్డ్‌ప్రెస్ ఎగుమతి ఫైలులో రాత, వ్యాఖ్యలు ఉంటాయి గాని బొమ్మలు ఉండవు, వాటి చిరునామాలే ఉంటాయి. బొమ్మలు విడిగా దాచాలి. ఈ సంగతి నాకెలా తెలిసిందో అడగకండి.

రాత్రిబాటసారి

అందరికీ ధన్యవాదాలు. గడి తప్పేమీ లేదు. సొంత వీక్షణలు ఆపి చూస్తే నలభై కాస్తా ఆరుకు దిగింది. అంటే నాలుగు నెలలుగా నా బ్లాగుకు అత్యంత విశ్వాసపాత్రుడైన చదువరిని నేనే. రెండు రోజులు మనసు బాగాలేదు, తర్వాత అలవాటైంది.

సిరామరక గారూ, నా టపా పేరు 'నక్షత్రాలతో నేను' కాదు. 'చుక్కలతో నేను'.

పేరు మారుస్తున్నాను. లంకె కూడా మార్చాలా?

తీగలాగేవాడు

పేరు మార్చండి, లంకె కదపకండి. ఆ ఆరుగురిలో ఎవరైనా దాన్ని దాచుకుని ఉంటే తెగిపోతుంది. ఇకపై రాసేవాటికి జాగ్రత్తపడితే చాలు.

రాత్రిబాటసారి

మూడు వారాల తర్వాత వచ్చాను. 'బైనాక్యులర్‌లో శని వలయాలు ఎందుకు కనబడవు' రాశాను. అంతకుముందే ఆకాశం చూసేవారి బృందంలో ఇద్దరికి పూర్తి జవాబులు ఇచ్చాను, ఒకరికి మాత్రమే లంకె అవసరపడింది. అటకమీదిపెట్టె గారు చెప్పినట్టు మూడు బ్లాగుల్లో నాలుగేసి వాక్యాల వ్యాఖ్యలు కూడా రాశాను. ఒకాయన నాకు ఉత్తరం రాశారు.

నిన్న ఒక వ్యాఖ్య వచ్చింది, అక్కది కాదు. శని గురించీ కాదు. తన దగ్గర ఉన్నది వీపు లేని ముక్కాలిపీట అని, మోచేతులు దేనికి ఆనించాలో చెప్పమని అడిగారు. గోడ, కిటికీ అంచు, నేలమీద వెల్లకిలా పడుకోవడం, మూడూ ప్రయత్నించి చూస్తున్నాను. ఆదివారంలోగా టపా పెడతాను.